తిరగబడని తాలూకాలు: విప్లవ కారణాల లెక్కలో ఎవరి పద్దు లేదు?

గద్వాల కోట గోడల లోపల డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజుల మహల్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. ఏ కులాల వెట్టి మీద ఆ గోడలు నిలబడ్డాయో ఆ కులాల పిల్లలు ఇయ్యాల ఆ గోడల మధ్యనే చదువుకుంటున్నారు. చరిత్ర తీసుకున్న పిల్లవాడు పరీక్షలో 'ఫ్రెంచి విప్లవానికి దారితీసిన కారణాలను వివరింపుము' అన్న ప్రశ్నకు గైడులో ఉన్నట్టే జవాబు రాస్తాడు. రాజకీయ కారణాలు, సాంఘిక కారణాలు, ఆర్థిక కారణాలు, తత్వవేత్తల ప్రభావం. పదహారో లూయీ చేతగానితనం, మూడో వర్గం మీద పన్నుల మోత, ఆఖరున రూసో, వోల్తేర్. మేమూ అట్లనే రాసి పాసయినవాళ్లమే.

ఆ జవాబులో తప్పు లేదు. కాని అందులో ఒక తగవు కనబడకుండా పోతుంది. ఆ కారణాల మీద చరిత్రకారులు తరాల తరబడి కొట్లాడుకుంటూనే ఉన్నారన్న ముచ్చట మా పిల్లలకు ఎవరూ చెప్పరు. అది చెప్పకపోతే, తెలంగాణ పోరాటం గురించి రాసిన పుస్తకాలను కూడా వాళ్లు అదే గైడు కండ్లతో చదువుతారు. నల్లగొండ, వరంగల్ మండినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఆ తీరుగ ఎందుకు మండలేదు అన్న ప్రశ్న వాళ్లకు తోచదు. మా వాదమంతా ఈ ప్రశ్న చుట్టే.

ముందు యూరప్ తగవు సంగతి. జార్జ్ లెఫెవ్ర్ వంటి మార్క్సిస్టు చరిత్రకారులు ఫ్రెంచి విప్లవాన్ని వర్గాల కథగా చెప్పారు. 1789లో జరిగింది ఒక్క విప్లవం కాదనీ, ప్రభువులది, బూర్జువాలది, పట్నపు జనానిది, రైతులది వేర్వేరు విప్లవాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయనీ లెఫెవ్ర్ 1939లో రాశాడు. 1964లో ఆల్ఫ్రెడ్ కాబన్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ వర్గాల లెక్కనే ఎదిరించాడు. మీరు బూర్జువా అంటున్నది ఎవరిని, వాళ్లలో ఎక్కువ మంది వకీళ్లు, ఉద్యోగస్తులే కదా అని నిలదీశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్వా ఫ్యూరే వర్గాన్ని పక్కకు నెట్టి రాజకీయ భావజాలాన్ని ముందుకు తెచ్చాడు. వీళ్లందరికంటె ముందే, 1856లో, టోక్విల్ ఒక విచిత్రమైన మాట అన్నాడు. ఫ్యూడల్ భారం బాగా బరువుగా ఉన్న చోట విప్లవం రాలేదు, అది చాలావరకు సడలిన ఫ్రాన్స్‌లోనే వచ్చింది అన్నాడు. జర్మన్ దేశాల్లో అర్ధబానిసత్వం ఇంకా సాగుతుంటే అక్కడి రైతు కదలలేదు. ఫ్రాన్స్‌లో అప్పటికే ఇంత భూమి సంపాదించుకున్న రైతుకు మిగిలిన కొద్ది పన్నులు, కట్నాలే ముల్లులా గుచ్చుకున్నాయి.

ఈ మాట దళితులు జాగ్రత్తగా వినాలి. అణచివేత ఎక్కువైతే తిరుగుబాటు వస్తుందని మనం సభల్లో అలవాటుగా అంటుంటాం. అదే నిజమైతే ఈ దేశంలో మాదిగ వాడలు, మాల పల్లెలు వెయ్యేండ్ల కిందనే మండాలె.

ఇక తెలంగాణ పుస్తకాలకు వద్దాం. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెచ్చిన 'వీర తెలంగాణా విప్లవ పోరాటం' పార్టీ వైపు నుంచి వచ్చిన పెద్ద గ్రంథం. అందులో కారణాలు స్పష్టంగా ఉన్నాయి. నిజాం నిరంకుశత్వం, జాగీర్దారీ, దేశ్‌ముఖ్‌ల భూదోపిడి, వెట్టి, వీటిని ఎదిరించి జనాన్ని కూడగట్టిన ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ. విసునూరు దేశ్‌ముఖ్ గురించి, సూర్యాపేట వైపు లక్షన్నర ఎకరాలు గుంజుకున్న జన్నారెడ్డి ప్రతాపరెడ్డి గురించి ఆయన రాసిన వివరాలు ఎవరూ కొట్టిపారెయ్యలేరు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గూండాల తూటాకు కూలిపోవడం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను కోసం నిలబడడం, ఇవన్నీ ఆ చరిత్రలో సజీవంగా ఉన్నాయి. మూడు వేల ఊళ్లు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది బలి అన్నది ఆయన లెక్క.

యూనివర్సిటీ పండితులు వేరే దారులు పట్టారు. కరోలిన్ ఇలియట్ 1974లో రాసిన వ్యాసంలో, నిజాం రాజ్యమనే పాత కట్టడం లోపలి నుంచి సడలిపోవడం వల్లనే తిరుగుబాటుకు సందు దొరికిందని వాదించింది. హంజా అలవీ మధ్యతరగతి రైతే ముందు కదులుతాడన్నాడు. ధనగరే ఆ సూత్రం తెలంగాణకు సరిగ్గా అతకదన్నాడు. ధనిక రైతు, మధ్యరకం రైతు, పేద రైతు, కూలి కలిసిన కూటమి అది, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత పైవాళ్లు జారుకున్నారు అన్నాడు. బారీ పేవియర్ 1981లో వ్యాపార పంటల్ని, 1930ల నాటి మాంద్యాన్ని, వాటితో ఊళ్లో మారిన బలాబలాల్ని ముందుకు తెచ్చాడు. ఐ. తిరుమలి దొరను, గడీని ఊరి లోపలి నుంచి చూపించాడు. మా దృష్టిలో వీళ్లందరిలో ఊరికి దగ్గరగా వచ్చినవాడు తిరుమలే. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మరో పని చేసింది. కారణాలు చెప్పే హక్కు నాయకులకే ఎందుకుండాలి, దళాల్లో అన్నం వండిన ఆడమనిషికి ఎందుకుండగూడదు అని అడిగింది. ఆ పుస్తకం వచ్చినాక పాత పుస్తకాలను పాత తీరుగ చదవడం కుదరలేదు.

ఇన్ని మాటలు చెప్పినవాళ్లంతా ఒక విషయంలో ఒక్కటే. అందరూ పోరాటం జరిగిన చోటికే పోయి కారణాలు వెతికారు. మంట ఉన్న చోట నిలబడి కట్టెలు లెక్కబెడితే ఏ కట్టె వల్ల అంటుకుందో తెల్వదు. అవే కట్టెలు ఉండి అంటుకోని చోటు కూడా చూడాలె. చార్లెస్ టిల్లీ 1964లో ఫ్రాన్స్‌లోని వాందే మీద ఈ పనే చేశాడు. 1793లో వాందే రైతులు విప్లవానికి వ్యతిరేకంగా తిరగబడ్డారు. రాజభక్తి, పాదిరీల మాట వినే మూఢత్వం అని అందరూ అదివరకు కారణం చెప్పి ఊరుకున్నారు. టిల్లీ పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాలు తీసుకున్నాడు. ఒకటి తిరగబడింది, ఇంకొకటి విప్లవం వైపు నిలిచింది. ఎవరి చేతిలో సంత ఉంది, పట్నం ఎంత దూరం, ఊరి కట్టుబాటు ఎట్లాంటిది అని పోల్చి చూశాడు. థీడా స్కాచ్‌పోల్ కూడా 1979లో ఫ్రాన్స్, రష్యా, చైనా విప్లవాలను వివరించడానికి విప్లవం అట్లా రాని ప్రష్యా, జపాన్‌లను పక్కన పెట్టి తూకం వేసింది.

మన పాలమూరు మనకు ఆ తూకపు రాయి.

గద్వాల, వనపర్తి సంస్థానాలు. పక్కనే ఆత్మకూరు, గోపాల్‌పేట, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు. నిజాంకు పేష్కష్ కట్టుకుంటూ, సొంత పోలీసులు, సొంత కచేరీలతో ఏలిన రెడ్డి, వెలమ రాజులు వీళ్లు. నాగర్‌కర్నూలు అట్లా కాదు, నేరుగా నిజాం సర్కారు దివానీ తాలూకా. ఒకప్పుడు జిల్లాకే ఆ పేరుండేది. అమ్రాబాదు అడవి అటు పక్కనే. సుందరయ్య చెప్పిన కారణాల్లో ఇక్కడ లేనిదేది? వెట్టి ఉంది. అప్పు కింద తరాల తరబడి కట్టిపడేసే భాగేలా ఉంది. దాని బాధ ఎంత ముదిరిందంటే 1936లో నిజాం ప్రభుత్వమే భాగేలా ఒప్పందాల మీద చట్టం తేవలసి వచ్చింది. దొర ఉన్నాడు, గడీ ఉంది, పటేల్ పట్వారీ ఉన్నారు, కరువు మాత్రం నల్లగొండ కంటె ఎక్కువే. అయినా ఆ స్థాయి భూపోరాటం ఇక్కడ రాలేదు. జనం ఊరుకున్నారని కాదు. 1947 అక్టోబరులో ఆత్మకూరు సంస్థానంలోని అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు ఊరి జనం బలయ్యారు. కాని అది ఇండియన్ యూనియన్‌లో కలవాలన్న ఉద్యమం. భూముల పంపకం దాకా పోలేదు. 1948 తర్వాత దళాలు నల్లమలకు, అమ్రాబాదు వైపుకు వచ్చిన మాట సుందరయ్య పుస్తకంలోనే ఉంది. అయితే వెనుకకు తగ్గి తలదాచుకునే జాగగా వచ్చాయి.

మరి తేడా ఎక్కడుంది? మాకు మూడు సంగతులు కనబడుతున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే. నల్లగొండ, వరంగల్‌కు అవతల కృష్ణా జిల్లా ఉంది, బెజవాడ ఉంది, మునగాల పరగణాలో జమీందారు మీద జరిగిన పోరాటం ఉంది. పార్టీ, పత్రికలు, మనుషులు అటునుంచే వచ్చారు. పాలమూరుకు తుంగభద్ర, కృష్ణల అవతల కర్నూలు. అక్కడ పార్టీ బలం అంత లేదు. ఇది నిజమే గాని, ఇంతటితో ఆగితే 'మేం రాలేదు కాబట్టి మీరు లేవలేదు' అన్నట్టవుతుంది.

రెండోది టోక్విల్ మాటకు దగ్గర. నల్లగొండ దేశ్‌ముఖ్‌లు పాత రాజులు కారు. 1860లలో సాలార్‌జంగ్ సంస్కరణలు వచ్చి శిస్తు వసూలు అధికారం పోయినాక, సర్వే సెటిల్‌మెంట్లలో రైతుల భూములను, బంజర్లను తమ పేర రాయించుకున్నవాళ్లు. అంటే అక్కడి రైతుకు నిన్నమొన్నటి దాకా తనదిగా ఉన్న చేను దొర పట్టాలోకి పోయింది. పోగొట్టుకున్నది కండ్ల ముందర ఉంది. సంస్థానంలో అట్లా కాదు. రాజు తాతల నాటి నుంచి రాజే. కవులను పోషించాడు, గుళ్లు కట్టించాడు, 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి గాని ఆ విద్వాంసుల సంభావనలకు రూపాయి ఏ చేనులోంచి వచ్చిందో రాసినవాళ్లు అరుదు. బెంజమిన్ కోహెన్ 2007లో ఈ దక్కను సంస్థానాల మీద రాసిన పుస్తకం రాజరికం ఎట్లా నిలబడిందో చాలా వివరంగా చెప్పింది. అది పై నుంచి చూసిన చూపు. దర్బారు కనబడుతుంది, మాదిగ వాడ కనబడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. రాజంటే గౌరవం వల్లనే జనం ఊరుకున్నారు అందామంటే నాగర్‌కర్నూలు అడ్డమొస్తుంది. అది సంస్థానం కాదు గదా.

అందుకే మూడో సంగతి. కూలికి, వెట్టికి పుట్టినవాడు ఏం పోగొట్టుకున్నాడు? మాలో కొందరం ఈ ఊళ్లలోనే పుట్టినవాళ్లం. సంగం వాళ్లు వస్తే భూమి పంచేవాళ్లు గదా, మీరెందుకు లేవలేదు అని ఇంట్లో పెద్దలను అడిగితే వచ్చిన జవాబు ఇది: "మాకు యాడిది భూమి, గుంజుకునేదానికి? రెక్కలుండె. రెక్కలు తీస్కోని పోయినం." నవ్వుతూ అన్న మాట. మేం చాలా రోజులు దాన్ని తప్పించుకునే జవాబు అనుకున్నాం. ఇప్పుడు అది ఒక చరిత్ర సిద్ధాంతం అనుకుంటున్నాం. పోవడం అంటే ఏమిటి? దొర ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడే జీతగాడు ఒక రాత్రి ఆలుబిడ్డలతో గుంపు మేస్త్రీ వెంట ఎక్కడికో కట్ట పనికి పోతే, ఆ గడీకి మోటబొక్కెన కుట్టేవాడు లేడు, చాటింపు వేసేవాడు లేడు, పశువు చస్తే లాగేవాడు లేడు. పాలమూరు కూలి లేకుండా ఈ దేశంలో పెద్ద ప్రాజెక్టు లేదని గొప్పగా చెప్పుకుంటాం. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ మీద కూడా ఆ చెమట ఉంది. ఆ వలసను కరువు ఖాతాలో రాస్తారు, భూగోళం పాఠంలో పెడతారు. వెట్టి నుంచి పారిపోవడంగా చరిత్ర ఖాతాలో రాయరు. మేస్త్రీ కింద ఇంకో కట్టుబానిసతనంలో పడ్డారన్నది నిజం. అంతమాత్రాన ఊరు విడిచిన ఆ నిర్ణయం నిర్ణయం కాకుండా పోతుందా?

హైతీలో నల్ల బానిసలు 1791లో లేచి తమను తాము విడిపించుకుంటే, ఆ సంగతిని సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో పుస్తకంగా రాసేదాకా యూరప్ విప్లవాల చరిత్రలో దానికి తగిన చోటే దొరకలేదు. బానిస విప్లవం చేస్తాడన్నదే వాళ్ల బుర్రకెక్కలేదని 1995లో ట్రూయో రాశాడు. కత్తి పట్టి గెలిచినవాళ్లకే ఆ గతి పడితే, రాత్రికి రాత్రి మూట కట్టుకొని పోయినవాళ్లను ఎవరు లెక్కబెట్టాలె?

అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఈ ప్రశ్న వేశాడు. ఈ దేశంలో సాంఘిక విప్లవాలు ఎందుకు రాలేదు? శూద్రుల, అంటరానివారి చేతికి ఆయుధం రానియ్యలేదు, చదువు రానియ్యలేదు, నాగలి తప్ప ఇంకోటి ముట్టనియ్యలేదు, కాబట్టి రాలేదు అన్నాడు. జరగనిదానికి కారణం వెతకడం శాస్త్రమని స్కాచ్‌పోల్ చెప్పడానికి నలభై మూడేండ్ల ముందటి మాట ఇది. తెలంగాణ పోరాటం మీద రాసినవాళ్లు మావోను చూశారు, అలవీని చూశారు, ఈ పుస్తకం వైపు చూసినవాళ్లు బహు తక్కువ. పి.ఆర్. వెంకటస్వామి 1955లో హైదరాబాదు రాజ్యపు దళిత ఉద్యమం గురించి ఇంగ్లీషులో రెండు సంపుటాలు రాశాడు. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు అంతా అందులో ఉన్నారు. 1994లో గెయిల్ ఆంవెట్ దళిత ఉద్యమాన్ని, తెలంగాణ పోరాటాన్ని ఒకే చోట పెట్టి చూసేదాకా ఆ రెండూ వేరే దేశాల్లో జరిగిన సంగతుల్లా చలామణీ అయ్యాయి.

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనేవాళ్లుంటారు. కారణం తేల్చినవాడే పరిహారం ఎవరికో తేలుస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినాక 1919 వెర్సాయ్ సంధిలో 231వ అధికరణం యుద్ధానికి బాధ్యత జర్మనీ మీద, దాని మిత్రుల మీద పెట్టింది. ఆ మాట మీదనే నష్టపరిహారం వసూలు చేశారు. అందుకే ఆ యుద్ధానికి కారణమేమిటన్న తగవు ఎన్నడూ ఉత్త చదువుల తగవు కాలేదు. 1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడే మా పాలకుల ఆశే ముఖ్య కారణం అంటే ఆ దేశంలో పెద్ద దుమారం లేచింది. 2012లో క్రిస్టఫర్ క్లార్క్ అన్ని రాజ్యాలూ నిద్రలో నడిచినట్టు నడిచి యుద్ధంలో పడ్డాయంటే, తప్పు అందరికీ పంచి జర్మనీని తప్పిస్తున్నాడని మళ్లీ గొడవ.

మన దగ్గర ఏం జరిగింది? కారణం జాగీర్దారీ అని తేల్చారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. సంస్థానాలూ దాని కిందికే వచ్చాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సర్కారులో కలిశాయి. రోగం పోయిందన్నారు. 1950లో జాగీర్దార్లకు ఇచ్చే సొమ్ము లెక్క కట్టడానికి ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. యూరప్‌లో తప్పు చేసినవాడని తేలినవాడు పరిహారం కట్టాడు. ఇక్కడ తప్పు వ్యవస్థ అని తేల్చి, దాన్ని నడిపినవాడికి పరిహారం ఇచ్చారు. అదే 1950లో వచ్చిన కౌలు చట్టంతో రక్షిత కౌలుదారు అన్నవాడు పుట్టాడు. మంచిదే. కాని కౌలు కాగితం కూడా లేకుండా మూడు తరాలు వెట్టి చేసినవాడికి ఆ చట్టంలో పేరు రాసుకునే గడి లేదు. వనపర్తి చివరి రాజు రామేశ్వరరావు 1957 నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతీ అయ్యాడు. నిజాం రాజ్యం కూలిపోయిన తీరు మీద బెనిషూ రాసిన మంచి పుస్తకం 2000లో ఆ సంస్థ నుంచే వచ్చింది. నింద వెయ్యడానికి ఈ మాట చెప్పడం లేదు. రాజ్యం పోయినవాడికి పుస్తకం మిగిలింది, వెట్టి పోయినవాడికి ఏం మిగిలిందని అడగడానికి చెబుతున్నాం.

పార్టీ కూడా ఈ లెక్కకు అతీతం కాదు. భూపరిమితిని మొదట 500 ఎకరాల దగ్గర పెట్టారు. తర్వాత 200. ఆ తర్వాతనే 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరి దాకా దించారు. 500 ఎకరాలున్నవాడు కూటమిలో మిత్రుడైతే, వాడి దగ్గర జీతమున్న మాదిగ ఆ కూటమిలో ఎవరు? ధనగరే 'ధనిక రైతు జారుకున్నాడు' అని రాసినప్పుడు ఈ ప్రశ్న అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. వర్గం పేరు చెప్పాడు, కులం పేరు చెప్పలేదు. వెట్టి ఏ పనికి ఏ కులమో పంచి పెట్టిన వ్యవస్థ అని పుస్తకాలన్నీ మొదటి అధ్యాయంలో ఒప్పుకుంటాయి. ఆఖరి అధ్యాయం వచ్చేసరికి అందరూ రైతులై పోతారు.

మనవాళ్ల తప్పు కూడా చెప్పాలె. కమ్యూనిస్టులు మనల్ని మోసం చేశారని ఒక్క ముక్కలో తేల్చే వ్యాసాలు మన పత్రికల్లో చాలానే వస్తున్నాయి. దళాల్లో పోయి చచ్చిపోయిన మాల, మాదిగలను ఆ ముక్క రెండోసారి చంపుతుంది. వాళ్లు మోసపోయి పోలేదు. వెట్టి పోతుందని పోయారు, పోరాటం నడిచిన ఊళ్లలో పోయింది కూడా. ఆ కాలంలో దళిత నాయకులు సైతం ఒక్క దారిన లేరు. వెంకటరావు నిజాం మంత్రివర్గంలో చేరాడు. శ్యాంసుందర్ 1948లో నిజాం తరఫున ఐక్యరాజ్యసమితి దాకా పోయాడు. అంబేద్కర్ 1947 నవంబరులోనే హైదరాబాదు దళితులు నిజాం వైపు నిలబడవద్దన్నాడు. ఈ మూడు దారులకూ కారణాలున్నాయి. వాటిని దాచిపెట్టి ఒకే దళిత గొంతు ఉన్నట్టు రాస్తే మనమూ గైడు రాసినట్టే.

ఈ నేల నుంచే వచ్చిన చరిత్రకారుడు సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల సంస్థానంలో పుట్టాడు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచాడు. రాజుల చరిత్ర మన చరిత్ర కాదని 1949లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చిన ఘనత ఆయనది. కాని ఆయన ఆధారాలు ఎక్కువగా కావ్యాలు. కావ్యంలోకి రానివాడి తిండీ బట్టా అందులోనూ అరకొరే. ఆయన వెతికిన చోట దొరకనిది మనం వేరే చోట వెతకాలె.

ఆ చోట్లు ఉన్నాయి. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలయ్యాయి. ఏ ఊరి నుంచి, ఏ వాడ నుంచి, ఏ మేస్త్రీ వెంట, ఏ కట్ట పనికి మొదట పోయారో చెప్పగల ముసలివాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు, ఎక్కువ కాలం ఉండరు. ఈ మూడు చోట్లా కాలేజీల్లో చరిత్ర చెప్పే మిత్రులు వచ్చే సెలవుల్లో ఒక్కో విద్యార్థికి ఒక్కో వాడ అప్పగించి, ఊరు ఎందుకు విడిచారు అన్న ఒక్క ప్రశ్నే అడిగించవచ్చు. జవాబును రాజకీయ, సాంఘిక, ఆర్థిక అని విడగొట్టకుండా, చెప్పినవాళ్ల మాటల్లోనే రాయించండి.